యూరో ట్రక్ సిమ్యులేటర్ 2లో మీ ట్రక్కుకు తగిన గేర్‌బాక్స్‌ను ఎంచుకోవడం ఎలా?

ట్రక్కులు నడిపే కంప్యూటర్ ఆట యూరో ట్రక్ సిమ్యులేటర్ 2లో బ్యాంకు అప్పు తీసుకునో, చిన్న చిన్న లోడ్లు తోలి కూడబెట్టుకునో మొదటి సొంత ట్రక్కు కొనుక్కున్న ఆటగాళ్లలో చాలామంది ముందుగా ఇంజన్ మీద, ఆ తరువాత రంగు మీద, దీపాల మీద డబ్బు పెడతారు. గేర్‌బాక్స్ జాబితా తెరిచేసరికి దాదాపు ఒకే పేరుతో అనేక వరుసలు కనిపిస్తాయి. వాటి మధ్య తేడా ఏమిటో తెలియక, ధర ఎక్కువగా ఉన్నదే మంచిదని భావించి దాన్ని బిగించుకుని బయలుదేరతారు. ఆ తరువాత చదునైన రోడ్డు మీద కూడా ఇంజన్ అనవసరంగా అరవడమో, చిన్నపాటి ఎత్తు వచ్చినా ట్రక్కు పదకొండో గేరుకూ పన్నెండో గేరుకూ మధ్య ఊగిసలాడడమో మొదలవుతుంది, ఆ నింద ఇంజన్ మీద పడుతుంది. నిజానికి ఈ లక్షణాలకు కారణం చాలా సందర్భాల్లో గేర్‌బాక్స్ ఎంపికే. ఆ ఎంపికలో మొదట చూడవలసింది గేర్ల సంఖ్యను కాదు, దానితో పాటు ఇచ్చే డిఫరెన్షియల్ నిష్పత్తిని, అంటే వెనక ఇరుసు దగ్గర తిరుగుడు ఎంత తగ్గుతుందో చెప్పే సంఖ్యను.

ప్రాగ్ నగరానికి చెందిన ఎస్‌సీఎస్ సాఫ్ట్‌వేర్ సంస్థ 2012లో విడుదల చేసిన ఈ ఆటలో ఇంజన్ టార్క్ (తిప్పే బలం), ప్రతి గేరు నిష్పత్తి, డిఫరెన్షియల్ నిష్పత్తి, లోడు బరువు అన్నీ లెక్కలోకి వస్తాయి కాబట్టి, నిజమైన ట్రక్కుల విషయంలో పనిచేసే తర్కం ఇక్కడ కూడా పనిచేస్తుంది. కింద చెప్పిన పద్ధతిని కాగితం, కలం దగ్గర పెట్టుకుని వరుసగా పాటిస్తే, ఏ కంపెనీ ట్రక్కుకైనా తగిన గేర్‌బాక్స్‌ను మీరే నిర్ణయించుకోగలుగుతారు.

మొదటి మెట్టు: రెండు వేర్వేరు ఎంపికలను కలపకండి

ఆట సెట్టింగులలో ట్రాన్స్‌మిషన్ అనే మాట కింద సింపుల్ ఆటోమేటిక్, రియల్ ఆటోమేటిక్, సీక్వెన్షియల్, హెచ్-షిఫ్టర్ అనే నాలుగు పద్ధతులు ఉంటాయి. ఇవి గేర్లను ఎవరు మార్చాలి, ఎలా మార్చాలి అన్నదానికి మాత్రమే సంబంధించినవి. డీలర్ దగ్గరో, సర్వీసు కేంద్రంలోనో డబ్బు చెల్లించి బిగించుకునే గేర్‌బాక్స్ వేరు. అది ట్రక్కులో భాగం. దానిలో ఎన్ని గేర్లున్నాయి, ఏ నిష్పత్తులు ఉన్నాయి, రిటార్డర్ (వాలులో వేగాన్ని పట్టి ఉంచే అదనపు బ్రేకు) ఉందా లేదా అన్నవి మీరు ఏ పద్ధతిలో నడిపినా మారవు. కీబోర్డు మీద సింపుల్ ఆటోమేటిక్‌లో ఆడేవారికి గేర్‌బాక్స్ ఎంపికతో పని లేదన్న అభిప్రాయం ఈ రెండింటినీ కలిపి చూడడం వల్లనే పుట్టింది. గేరు మార్చేది కంప్యూటరే అయినా, దానికి అందుబాటులో ఉన్న నిష్పత్తుల్లోంచే అది ఎంచుకోవాలి.

ఆటోమేటిక్ పద్ధతుల్లో ఆడేవారు ఇంకొక అమరికను కూడా చూసుకోవాలి. ఇంజన్ ఎంత వేగంగా తిరిగినప్పుడు గేర్లు మారాలో నిర్ణయించే పొదుపు, సాధారణ, పవర్ రీతులు అందులో ఉంటాయి. గేర్‌బాక్స్‌ను పరీక్షించేటప్పుడు మొదట సాధారణ రీతిలోనే ఉంచండి. పవర్ రీతిలో పెట్టి పరీక్షిస్తే గేర్లు ఆలస్యంగా మారడం వల్ల వచ్చిన ఊపును గేర్‌బాక్స్ గొప్పతనంగా పొరబడే అవకాశం ఉంది.

రెండో మెట్టు: మీ పని ఏమిటో రాసుకోండి

మూడు విషయాలు కావాలి. మీరు ఎక్కువగా తోలే లోడు ఎన్ని టన్నులు, మీరు తిరిగే రోడ్లు చదునుగా ఉంటాయా లేక కొండల్లో ఉంటాయా, పెద్ద రోడ్ల మీద మీరు నిలకడగా పట్టే వేగం ఎంత. రోటర్‌డామ్, ఆమ్‌స్టర్‌డామ్, హనోవర్, బెర్లిన్ వైపు తిరిగేవారికి రోడ్డు చాలావరకు చదును. స్విట్జర్లాండ్‌లోనో, ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్ దగ్గరో, స్కాండినేవియా విస్తరణ (విడిగా కొనే అదనపు పటం) కొనుక్కున్నాక నార్వేలో ఓస్లో నుంచి బెర్గెన్ వైపో వెళ్లేవారికి ఎత్తుపల్లాలు తప్పవు. వేగం విషయానికి వస్తే, యూరప్‌లో భారీ ట్రక్కులకు గంటకు 90 కిలోమీటర్ల దగ్గర వేగ పరిమితి పరికరం ఉంటుంది. జర్మనీ, ఇటలీ మోటారు రహదారుల మీద ట్రక్కుల చట్టబద్ధ పరిమితి 80 మాత్రమే. ఆటలోనూ వేగ పరిమితిని సెట్టింగులలో ఆన్ చేసుకోవచ్చు. మీరు దాన్ని ఆపేసి 110లో వెళ్లే అలవాటున్నవారైతే ఆ సంఖ్యే రాసుకోండి, ఎందుకంటే తరువాతి లెక్క అంతా ఆ వేగం మీదే ఆధారపడి ఉంటుంది.

మూడో మెట్టు: చివరి గేరులో ఇంజన్ ఎంత తిరుగుతుందో లెక్కకట్టండి

ఈ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే కాబట్టి దీన్ని నిదానంగా చదవమని కోరుతున్నాను.

ఇంజన్ తిరుగుడు చక్రాలకు చేరేలోపు రెండు చోట్ల తగ్గుతుంది. మొదటిది గేర్‌బాక్స్‌లో, రెండోది వెనక ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్‌లో. డిఫరెన్షియల్ నిష్పత్తి 2.64 అంటే, గేర్‌బాక్స్ నుంచి వచ్చే షాఫ్టు 2.64 సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుందని అర్థం. ఈ సంఖ్య పెరిగినకొద్దీ చక్రం దగ్గర బలం పెరుగుతుంది, అదే వేగంలో ఇంజన్ ఎక్కువసార్లు తిరగవలసి వస్తుంది. తగ్గినకొద్దీ ఇంజన్ ప్రశాంతంగా తిరుగుతుంది, ఎత్తుల మీద లాగే బలం తగ్గుతుంది. ఆటలో గేర్‌బాక్స్ వరుసను ఎంచుకున్నప్పుడు గేర్ల సంఖ్యతో పాటు కనిపించే దశాంశ సంఖ్య ఇదే. పేరు ఒకటే అయినా వరుసలు వేరువేరుగా ఉండడానికి ప్రధాన కారణం ఈ సంఖ్యే.

యూరప్ ట్రక్కులకు సర్వసాధారణంగా వాడే 315/80 ఆర్ 22.5 టైరు ఒక్క చుట్టు తిరిగితే ట్రక్కు సుమారు 3.3 మీటర్లు ముందుకు పోతుంది. ఆ లెక్కన గంటకు ఒక కిలోమీటరు వేగానికి చక్రం నిమిషానికి దాదాపు 5 సార్లు తిరుగుతుంది. దీని నుంచి ఒక సులువైన సూత్రం వస్తుంది: వేగాన్ని 5తో గుణించండి, వచ్చినదాన్ని డిఫరెన్షియల్ నిష్పత్తితో గుణించండి, చివరగా మీరున్న గేరు నిష్పత్తితో గుణించండి. వచ్చేదే ఇంజన్ ఆర్‌పీఎమ్, అంటే ఇంజన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతుందో ఆ సంఖ్య. పన్నెండు గేర్ల గేర్‌బాక్స్‌లలో చాలావాటికి చివరి గేరు నిష్పత్తి 1.00, అంటే షాఫ్టు ఇంజన్‌తో సమానంగా తిరుగుతుంది. దీన్నే డైరెక్ట్ డ్రైవ్ అంటారు.

డైరెక్ట్ డ్రైవ్‌తో గంటకు 90 కిలోమీటర్ల వేగంలో ఈ సూత్రం ఏం చెబుతుందో చూడండి. 90ని 5తో గుణిస్తే 450. డిఫరెన్షియల్ 2.64 అయితే ఇంజన్ సుమారు 1190 దగ్గర తిరుగుతుంది, 2.85 అయితే 1280, 3.08 అయితే 1390, 3.36 అయితే 1510. అదే 80 కిలోమీటర్ల వేగంలో 2.64కు 1060, 3.08కు 1230 వస్తాయి. ఒక్క దశాంశ సంఖ్య మారడం వల్ల, మిగతా ట్రక్కు అంతా అదే అయినా, ఇంజన్ నిమిషానికి మూడు వందల సార్లకు పైగా ఎక్కువో తక్కువో తిరుగుతుందన్నమాట. ఆటలో ఇంధనం ఖర్చులోనూ, ఎత్తు వచ్చినప్పుడు గేరు ఎప్పుడు దిగుతుందన్నదానిలోనూ ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కొన్ని గేర్‌బాక్స్‌లలో చివరి గేరు 1.00 కాకుండా అంతకంటే తక్కువగా ఉంటుంది. వీటిని ఓవర్‌డ్రైవ్ గేర్‌బాక్స్‌లంటారు. ఉదాహరణకు వోల్వో ఐ-షిఫ్ట్ డైరెక్ట్ రకంలో మొదటి గేరు 14.94, చివరిది 1.00 కాగా, ఓవర్‌డ్రైవ్ రకంలో మొదటిది 11.73, చివరిది 0.78. ఓవర్‌డ్రైవ్ గేర్‌బాక్స్‌కు 3.40 డిఫరెన్షియల్ జతచేస్తే, 3.40ని 0.78తో గుణించినప్పుడు 2.65 వస్తుంది. అంటే డైరెక్ట్ గేర్‌బాక్స్, 2.64 డిఫరెన్షియల్ జతకు ఇది దాదాపు సమానం. మొదటి గేరులో కూడా రెండు జతలూ ఇంజన్ 1000 ఆర్‌పీఎమ్ దగ్గర గంటకు సుమారు 5 కిలోమీటర్ల వేగమే ఇస్తాయి. కాబట్టి 3.40 అన్న సంఖ్య చూసి ఇది కొండలకు పనికొస్తుందని, 2.64 చూసి ఇది చదును రోడ్లకేనని వెంటనే తీర్మానించకూడదు. రెండు నిష్పత్తుల లబ్ధాన్నే పోల్చాలి.

చివరి గేరు నిష్పత్తి ఎంతో జాబితాలో కనిపించకపోతే కంగారు పడనవసరం లేదు. ట్రక్కును చదునైన రోడ్డు మీద చివరి గేరులో సరిగ్గా 80 దగ్గర, వేగాన్ని దానంతటదే నిలిపి ఉంచే క్రూయిజ్ కంట్రోల్‌లో ఉంచి, డ్యాష్‌బోర్డు మీద ఆర్‌పీఎమ్ చూడండి. ఆ సంఖ్యను 400తో (అంటే 80ని 5తో గుణిస్తే వచ్చేదానితో) భాగిస్తే రెండు నిష్పత్తుల లబ్ధం దానంతటదే తేలుతుంది. ఆ లబ్ధం డిఫరెన్షియల్ నిష్పత్తికి దగ్గరగా ఉంటే మీది డైరెక్ట్ డ్రైవ్, దానికంటే బాగా తక్కువగా ఉంటే ఓవర్‌డ్రైవ్.

నాలుగో మెట్టు: ఆ సంఖ్యను ఇంజన్ టార్క్‌తో జతపరచండి

లెక్కలో వచ్చిన ఆర్‌పీఎమ్ మంచిదా చెడ్డదా అన్నది ఇంజన్‌ను బట్టి ఉంటుంది. ఇంజన్ జాబితాలో హార్స్ పవర్‌తో పాటు టార్క్ ఎంత, అది ఏ ఆర్‌పీఎమ్ నుంచి ఏ ఆర్‌పీఎమ్ వరకు పూర్తిగా అందుతుందో కూడా ఉంటుంది. స్కానియా 730 హార్స్ పవర్ వీ8 ఇంజన్ 3500 న్యూటన్ మీటర్ల టార్క్‌ను 1000 నుంచి 1400 వరకు ఇస్తుంది. మీరు నిలకడగా వెళ్లే వేగంలో చివరి గేరు ఆర్‌పీఎమ్ ఈ పరిధి మధ్యలో, అంటే 1150 నుంచి 1300 లోపు ఉండేలా చూసుకోవడం శ్రేయస్కరం. అలా ఉంటే ఎత్తు వచ్చి వేగం కొంత తగ్గినా ఇంజన్ ఇంకా పూర్తి టార్క్ పరిధిలోనే ఉంటుంది, వెంటనే గేరు దించవలసిన పని పడదు.

లెక్క పరిధి అడుగు అంచున పడితే ఏమవుతుందో ఆలోచించండి. 2.64 డిఫరెన్షియల్‌తో జర్మనీలో 80 దగ్గర వెళ్తున్నప్పుడు ఇంజన్ 1060 దగ్గర తిరుగుతూ ఉంటుంది. ఖాళీ ట్రెయిలర్‌తోనో, పది పదిహేను టన్నుల లోడుతోనో ఇది చాలా హాయిగా ఉంటుంది, ఇంధనం ఆదా అవుతుంది. పాతిక టన్నుల లోడుతో చిన్న వంతెన ఎత్తు వచ్చినా వేగం నాలుగైదు కిలోమీటర్లు తగ్గగానే ఇంజన్ 1000 కిందికి జారిపోతుంది, గేరు దిగుతుంది, వేగం పుంజుకోగానే మళ్లీ ఎక్కుతుంది. ప్రారంభంలో ప్రస్తావించిన ఊగిసలాట ఇదే. దీనికి మందు పెద్ద ఇంజన్ కాదు, 2.85 లేదా 3.08 డిఫరెన్షియల్ ఉన్న వరుస.

అయితే డిఫరెన్షియల్ సంఖ్య పెంచుకుంటూ పోతే ట్రక్కు బలం అదే తీరుగా పెరుగుతుందన్నది కూడా సరికాదు. 2.64 నుంచి 3.08కు వెళ్తే అదే గేరులో చక్రం దగ్గర బలం 17 శాతం దాకా పెరిగేమాట నిజమే. ఐ-షిఫ్ట్ గేర్లలో ఒకదానికీ తరువాతిదానికీ మధ్య తేడా సుమారు 27 శాతం ఉంటుంది కాబట్టి, మీరు పొందేది మూడింట రెండు వంతుల గేరు పాటి లాభమే. ఒక గేరు దించుకుంటే అంతకంటే ఎక్కువ బలం ఎలాగూ వస్తుంది.

కొండ మీద నిలకడ వేగాన్ని చివరికి నిర్ణయించేది హార్స్ పవర్. మొత్తం 40 టన్నుల బరువుతో 5 శాతం ఎత్తును గంటకు 60 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే, గురుత్వాన్ని, టైర్ల రాపిడిని, గాలి నిరోధాన్ని కలుపుకుంటే దాదాపు 380 కిలోవాట్ల శక్తి, అంటే 500 హార్స్ పవర్‌కు కొంచెం పైన కావాలి. 420 హార్స్ పవర్ ఇంజన్‌కు ఏ గేర్‌బాక్స్ బిగించినా ఆ వేగం రాదు. గేర్‌బాక్స్ చేయగలిగింది ఇంజన్ దగ్గర ఉన్న శక్తిని వృథా కాకుండా చక్రానికి చేర్చడం వరకే. ఈ భేదం మనసులో ఉంచుకుంటే, ఎప్పుడు గేర్‌బాక్స్ మీద డబ్బు పెట్టాలో, ఎప్పుడు ఇంజన్ మీద పెట్టాలో స్పష్టంగా తెలుస్తుంది. కొండ మీద ఇంజన్ మంచి ఆర్‌పీఎమ్‌లో, పూర్తి యాక్సిలరేటర్‌తో ఉండి కూడా ట్రక్కు నెమ్మదిగా పోతుంటే లోపం ఇంజన్‌ది. ఇంజన్ ఏ గేరులోనూ కుదురుకోలేకపోతుంటే లోపం నిష్పత్తులది.

ఆట పటాన్ని దాదాపు 19 రెట్లు కుదించి గీశారు కాబట్టి ఎత్తులు నిజమైన ఆల్ప్స్ రోడ్ల మీద ఉన్నంత పొడవుగా ఉండవు. అడుగున మంచి వేగం పట్టి వస్తే ఆ ఊపులోనే సగం ఎత్తు గడిచిపోతుంది. అందువల్ల నిజ జీవితంలో ఒక రవాణా సంస్థ ఎంచుకునేదానికంటే ఒక అంచె తక్కువ డిఫరెన్షియల్ సంఖ్యతో ఆటలో నెట్టుకురావచ్చని నా అభిప్రాయం. మిశ్రమ రోడ్ల మీద, పదిహేను నుంచి పాతిక టన్నుల లోడ్లతో, 90 దగ్గర తిరిగేవారికి డైరెక్ట్ డ్రైవ్‌తో 2.85 పరిసరాల్లోని నిష్పత్తి నాకు అన్నిటికంటే సమతూకంగా కనిపిస్తుంది. వేగ పరిమితిని ఆపేసి 110లో వెళ్లేవారికి 2.64 చాలు, ఎందుకంటే ఆ వేగంలో అది కూడా ఇంజన్‌ను 1450 దాకా తిప్పుతుంది.

ఐదో మెట్టు: గేర్ల సంఖ్య ఎంత కావాలి

కొత్త ఇంజన్‌లకు పన్నెండు గేర్లు చాలు. టార్క్ పరిధి 1000 నుంచి 1400 వరకు ఉన్న ఇంజన్‌లో పరిధి పైకొనకూ కిందికొనకూ నిష్పత్తి 1.4, గేర్ల మధ్య దూరం 1.27. ఒక గేరులో పరిధి పైకొన చేరుకుని తరువాతి గేరుకు మారితే ఇంజన్ ఇంకా పరిధి లోపలే పడుతుంది. జెడ్ఎఫ్ కంపెనీ పదహారు గేర్ల గేర్‌బాక్స్‌లో గేర్ల మధ్య దూరం సుమారు 1.2 ఉంటుంది. 1800 దగ్గర గేరు మారిస్తే పన్నెండు గేర్లలో ఇంజన్ 1400 దగ్గరికి, పదహారింటిలో 1500 దగ్గరికి దిగుతుంది. ఈ చిన్న తేడా, పై ఆర్‌పీఎమ్‌లో మాత్రమే బలం చూపే తక్కువ శక్తి ఇంజన్‌తో భారీ లోడును కొండ ఎక్కించేటప్పుడు అక్కరకు వస్తుంది. దానికి బదులుగా గేర్లు ఎక్కువసార్లు మార్చవలసి వస్తుంది, మార్చిన ప్రతిసారీ చక్రాలకు బలం అందడం ఒక క్షణం ఆగుతుంది, కొండ మీద ఆ క్షణంలో వేగం పడిపోతుంది.

చేత్తో గేర్లు మార్చేవారికి సంఖ్యను నిర్ణయించేది మీ దగ్గరున్న పరికరమే. సాధారణ హెచ్-షిఫ్టర్‌కు ముందుకు పోయే స్థానాలు ఆరే ఉంటాయి. వాటికి, ప్రతి స్థానాన్నీ రెండు గేర్లుగా విడదీసే స్ప్లిట్టర్ అనే ఒక్క బటన్ కలిపితే పన్నెండు గేర్లూ చేతికందుతాయి. పదహారు లేదా పద్దెనిమిది గేర్లకు రేంజి (కింది గేర్ల సమూహం, పై గేర్ల సమూహం) మార్చే బటన్ కూడా కావాలి. రెండు బటన్లు సౌకర్యంగా అందే అమరిక లేనివారు పన్నెండు దగ్గరే ఆగడం మంచిది. సెట్టింగులలో హెచ్-షిఫ్టర్ అమరికల జాబితా ఉంటుంది. గేర్‌బాక్స్ మార్చినప్పుడల్లా దానికి సరిపోయే అమరికను కూడా మార్చుకోవాలన్నది మరచిపోకండి.

అమెరికన్ ట్రక్ సిమ్యులేటర్ ఆడేవారికి ఈటన్ ఫుల్లర్ గేర్‌బాక్స్‌లలో పది, పదమూడు, పద్దెనిమిది గేర్ల రకాలు దొరుకుతాయి. పదింటిలో రేంజి మాత్రమే ఉంటుంది, పదమూడింటిలో పై రేంజిలో మాత్రమే స్ప్లిట్టర్ పనిచేస్తుంది, పద్దెనిమిదింటిలో రెండు రేంజిల్లోనూ పనిచేస్తుంది. మైదానాల్లో తిరిగేవారికి పదమూడు చాలు. కొలరాడో కొండల్లో భారీ లోడ్లు తోలేవారికి పద్దెనిమిది సాయపడుతుంది. వీటిలో చివరి గేరు సాధారణంగా 0.73 కాబట్టి అక్కడి డిఫరెన్షియల్ సంఖ్యలు పెద్దవిగా కనిపిస్తాయి. గంటకు 65 మైళ్లు, అంటే సుమారు 105 కిలోమీటర్ల వేగంలో 3.55 డిఫరెన్షియల్ ఇంజన్‌ను 1360 దగ్గర, 3.25 దాదాపు 1250 దగ్గర ఉంచుతాయి. లెక్క పద్ధతి మాత్రం అదే.

ఆరో మెట్టు: రిటార్డర్ విషయం

యూరప్ ఆటలో రిటార్డర్ విడిగా దొరకదు, గేర్‌బాక్స్ వరుసలోనే కలిసి వస్తుంది. సాధారణంగా పేరు చివర ఆర్ అనే అక్షరమో, వివరాల్లో రిటార్డర్ అనే మాటో ఉంటుంది. కొండ ప్రాంతాలకు వెళ్లే ఉద్దేశం ఏ కొంచెం ఉన్నా, ఇతర అలంకరణలన్నీ వాయిదా వేసి అయినా రిటార్డర్ ఉన్న వరుసనే తీసుకోమని గట్టిగా చెబుతాను. ఎత్తు ఎక్కడంలో పొరపాటు జరిగితే పోయేది సమయమే. దిగడంలో జరిగితే లోడు, ట్రక్కు రెండూ పోతాయి.

కారణం లెక్కలోనే ఉంది. 40 టన్నుల బరువుతో 6 శాతం వాలును 60 కిలోమీటర్ల వేగంతో దిగుతుంటే, ఆ వేగం పెరగకుండా పట్టి ఉంచడానికి సుమారు 340 కిలోవాట్ల శక్తిని నిరంతరం ఎక్కడో ఒకచోట ఖర్చు చేయాలి. కాలి బ్రేకు మీద ఆ భారమంతా వేస్తే నిజమైన ట్రక్కులో బ్రేకులు వేడెక్కి పట్టు కోల్పోతాయి. ఆటలో ఎయిర్ బ్రేకుల వాస్తవికత అమరిక ఆన్‌లో ఉంటే, పదేపదే పెడల్ నొక్కినకొద్దీ గాలి పీడనం తగ్గిపోతుంది.

ఇంజన్ బ్రేకుకూ (ఇంజన్ నిరోధంతోనే వేగం తగ్గించడం) రిటార్డర్‌కూ ఉన్న తేడా తెలుసుకోవాలి. ఇంజన్ బ్రేకు బలం ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోందన్నదాని మీద ఆధారపడుతుంది. అందుకే దాన్ని వాడేటప్పుడు ముందే గేరు దించుకోవాలి. రిటార్డర్ గేర్‌బాక్స్ వెనక షాఫ్టు మీద, నూనె నిరోధంతో పనిచేస్తుంది. అది ట్రక్కు వేగం మీద ఆధారపడుతుంది కానీ గేరు మీద కాదు. వేగం బాగా ఉన్నప్పుడు గట్టిగా పట్టుకుంటుంది, ట్రక్కు నడక వేగానికి వచ్చేసరికి దాదాపు ఏమీ చేయదు. రెండింటినీ కలిపి, వాలు మొదలయ్యే ముందే వేగం తగ్గించుకుని వాడడం సరైన పద్ధతి. మన ఘాట్ రోడ్ల మీద ఏ గేరులో ఎక్కామో అదే గేరులో దిగాలన్న పెద్దల మాట ఈ ఆటలోని ఆల్ప్స్ రోడ్లకూ వర్తిస్తుంది. డీజిల్ కలిసొస్తుందని వాలులో న్యూట్రల్ చేసే అలవాటు ఎవరికైనా ఉంటే ఆటలో కూడా దాన్ని వదులుకోండి. న్యూట్రల్‌లో ఇంజన్ బ్రేకు పనిచేయదు.

ఇప్పటికే మంచి నిష్పత్తి ఉన్న గేర్‌బాక్స్ రిటార్డర్ లేకుండా ఒక వరుసగా, రిటార్డర్‌తో మరో వరుసగా ఉంటే సమస్య లేదు. మీ స్థాయికి రిటార్డర్ ఉన్న వరుస ఇంకా తెరుచుకోకపోతే, అది తెరుచుకునేదాకా కొండ ప్రాంతాల భారీ లోడ్లను పక్కన పెట్టండి.

ఏడో మెట్టు: ప్రత్యేక సందర్భాలు

అరవై, డెబ్బై టన్నుల భారీ లోడ్లను తోలే విస్తరణలు ఉన్నవారికి క్రాలర్ గేర్లున్న, అంటే నత్తనడకకు పనికొచ్చే అదనపు కింది గేర్లున్న గేర్‌బాక్స్‌లు ఉపయోగపడతాయి. స్కానియా పన్నెండు ప్లస్ రెండు గేర్‌బాక్స్‌లోని ఆ రెండు, వోల్వో పదమూడు, పద్నాలుగు గేర్ల ఐ-షిఫ్ట్‌లోని అదనపు గేర్లు ఇవే. నిజ జీవితంలో వోల్వో 2016లో తెచ్చిన క్రాలర్ రకంలో అన్నిటికంటే కింది నిష్పత్తి 32కు 1. 3.08 డిఫరెన్షియల్‌తో ఇంజన్ 1000 దగ్గర తిరుగుతున్నప్పుడు ట్రక్కు గంటకు 2 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. వాలు మీద ఆగిపోయిన భారీ లోడును వెనక్కి జారనివ్వకుండా కదిలించడానికి, ఇరుకు చోట అంగుళం అంగుళం జరపడానికి ఇది అపురూపమైన సాధనం. ఇరవై టన్నుల లోపు లోడ్లు తోలేవారికి దీని వల్ల ప్రయోజనం లేదు, ఆ డబ్బు రిటార్డర్ మీద పెట్టడం మేలు.

భారీ లోడుతో కదలబోయినప్పుడు చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతుంటే అది గేర్‌బాక్స్ లోపం కాదని గుర్తించండి. చక్రాలకు రోడ్డు మీద పట్టు చాలడం లేదు. ఇరుసుకు రెండు వైపులా ఉన్న చక్రాలను కలిపి తిప్పే డిఫరెన్షియల్ లాక్ వేసి చూడండి. అయినా కదలకపోతే రెండు ఇరుసులకు బలం అందే చాసిస్ అవసరం.

కొన్ని ట్రక్కుల్లో ఆరు గేర్ల అలిసన్ ఆటోమేటిక్ కూడా ఉంటుంది. ఇందులో క్లచ్‌కు బదులు టార్క్ కన్వర్టర్ ఉంటుంది కాబట్టి గేరు మారేటప్పుడు చక్రాలకు బలం అందడం ఆగదు, కదిలేటప్పుడు కుదుపు ఉండదు. ఊళ్లలో, గోదాముల మధ్య తరచుగా ఆగుతూ తిరిగేవారికి, కీబోర్డుతో ఆడేవారికి ఇది సుఖంగా ఉంటుంది. గేర్ల మధ్య దూరం ఎక్కువ కావడం వల్ల, పొడవైన ఎత్తుల మీద భారీ లోడుతో మాత్రం రెండు గేర్లకూ మధ్య తగినది దొరకక ఇబ్బంది పెడుతుంది.

ఎనిమిదో మెట్టు: కొనేముందు పరీక్షించండి

కొత్త గేర్‌బాక్స్‌కు డబ్బు చెల్లించే ముందు ఆటను విడిగా సేవ్ చేసుకోండి. నచ్చకపోతే ఆ సేవ్‌కు తిరిగి వెళ్లవచ్చు, డబ్బు నష్టం ఉండదు. ఇంకా సొంత ట్రక్కు లేనివారు క్విక్ జాబ్‌లలో కంపెనీ ఇచ్చే రకరకాల ట్రక్కులను నడుపుతూ, ప్రతిదానిలో 80 దగ్గర చివరి గేరు ఆర్‌పీఎమ్ ఎంతో రాసుకుంటే, ఏ లబ్ధం తమ చేతికి కుదురుతుందో డబ్బు ఖర్చు లేకుండానే తెలుస్తుంది.

పరీక్షకు మీరు మామూలుగా తోలే బరువున్న లోడునే తీసుకోండి. మొదట చదునైన రోడ్డు మీద మీ నిలకడ వేగంలో క్రూయిజ్ కంట్రోల్ పెట్టి ఆర్‌పీఎమ్ చూడండి. లెక్కలో వచ్చినదానికి అది దగ్గరగా ఉండాలి. ఆ తరువాత చిన్న ఎత్తులు వచ్చే రోడ్డు మీద, ట్రక్కు చివరి గేరులోనే ఎక్కేస్తోందా, ఒక్కసారి గేరు దించి నిలదొక్కుకుంటోందా, లేక ఎక్కిదిగుతూ తడబడుతోందా గమనించండి. చివరిది జరిగితే ఒక అంచె పెద్ద డిఫరెన్షియల్ సంఖ్యకు వెళ్లండి. అసలు గేరే దిగకుండా, చదునులో ఇంజన్ 1400 దాటి తిరుగుతుంటే ఒక అంచె చిన్నదానికి రండి. ఒకసారికి ఒక్క అంచె మాత్రమే మార్చండి, ఇంజన్‌ను అదే సమయంలో మార్చకండి; రెండూ ఒకేసారి మారిస్తే ఏ మార్పు వల్ల ఏ ఫలితం వచ్చిందో తెలియదు.

చివరగా పొడవైన వాలులో రిటార్డర్‌ను మధ్య అంచెలో పెట్టి, కాలి బ్రేకు తాకకుండా వేగం నిలబడుతోందో లేదో చూడండి. నిలబడకపోతే అంచె పెంచండి, పై అంచెలో కూడా వేగం పెరుగుతుంటే గేరు దించి ఇంజన్ బ్రేకును తోడు తెచ్చుకోండి. గ్యారేజీలో రెండో ట్రక్కుకు చోటు, డబ్బు సమకూరినప్పుడు ఒకే గేర్‌బాక్స్‌తో అన్ని పనులూ చేయించే ప్రయత్నం మానుకుని, చదును రోడ్ల దూరప్రయాణాలకు 2.64 ఉన్నదాన్ని, నార్వే, స్విట్జర్లాండ్ వైపు భారీ లోడ్లకు 3.08 లేదా అంతకంటే పెద్ద నిష్పత్తి, రిటార్డర్ ఉన్నదాన్ని విడివిడిగా ఉంచుకోండి.